టేపా, డిస్కా: పాపారావు గారి దగ్గర నేర్చుకున్న పని

కెమెరాలు బిగించే పనిలో ఇరవై ఏళ్ళకి పైగా ఉండి, మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వక మానేశాను. ఇప్పటికీ ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఫోన్ చేస్తుంటారు. ఏ కెమెరా మంచిది, చీకట్లో ఎంత దూరం కనిపిస్తుంది, ఇవే అడుగుతారు. రికార్డింగు సంగతి అడిగేవాళ్ళు తక్కువ. కెమెరా చూసి ఊరుకుంటుంది. చూసింది దాచేది వేరే పెట్టె. ఆ పెట్టెలో ఏది ఉంచాలి, ఎన్నాళ్ళు ఉంచాలి, ఏది చెరిపెయ్యాలి అన్నది మనం నిర్ణయిస్తాం. షాపు యజమానికి ఆ సంగతి సరిగ్గా తెలియదు. అక్కడ పనిచేసేవాళ్ళకి అసలే తెలియదు. మనం ఒక అంకె మార్చి నిచ్చెన దిగి వచ్చేస్తాం. ఆ అంకె ఎవరి బతుకులో ఎక్కడ తగులుతుందో మనకి కనిపించదు.

నేను అలా రెండుసార్లు తప్పు చేశాను. మొదటి తప్పు దిద్దుకోబోయి రెండోది చేశాను. ఆ రెండూ చెప్పాలంటే నాకు పని నేర్పిన పాపారావు గారి గురించి చెప్పాలి. నిజానికి ఆయన గురించి చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

వన్ టౌన్ మేడ మీద

మాది మైలవరం దగ్గర పల్లె. ఐ.టి.ఐ.లో రేడియో, టీవీ మెకానిజం చదివి తొంభైల మొదట్లో బెజవాడ వచ్చాను. మా చర్చి పాస్టరు గారు ఒక చీటీ రాసిచ్చి వన్ టౌన్‌లో పాపారావు గారి దగ్గరకి వెళ్ళమన్నారు. ఇరుకు సందు, కింద పప్పుల గోడౌను, పైన మేడ మీద ఆయన షాపు. బస్తాలు దింపినప్పుడల్లా దుమ్ము మెట్లెక్కి పైకొచ్చేది. ఆ దుమ్ములో ఆయన వీసీఆర్ విప్పి, టేపు మీది బొమ్మ చదివే దాని హెడ్డుని స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడుస్తూ కూర్చునేవారు. పసిపిల్లాడి మూతి తుడిచినట్టు తుడిచేవారు.

చీటీ చదివి, "నీ పేరు ఏసురత్నమా?" అన్నారు.

"అవునండీ."

"ఆదివారం రావన్నమాట."

"మధ్యాహ్నం నుంచి వస్తానండీ."

"అక్కర్లేదులే. ఆదివారం నేనూ రాను," అని ఓ స్టూలు నా వైపు తోశారు. అదే నా ఇంటర్వ్యూ.

అప్పటికే ఆయన పెద్ద షాపులకి కెమెరాలు పెట్టడం మొదలుపెట్టారు. రికార్డింగంతా టేపు మీదే. మామూలుగా మూడు గంటలు వచ్చే క్యాసెట్టుని రోజంతా వచ్చేలా సాగదీసే వీసీఆర్‌లు ఉండేవి. కావాలంటే మూడు రోజులకీ సాగుతుంది. ఎలాగంటే, బొమ్మ తరవాత బొమ్మ వరసగా తియ్యకుండా, ఒక బొమ్మ తీసి కాసేపు ఆగి ఇంకోటి తీస్తుంది. ఎంత సాగదీస్తే మధ్యలో అంత ఖాళీ. పైగా నాలుగు కెమెరాలకి ఒకే వీసీఆర్ పెడితే అవి వంతులవారీగా పడతాయి. ఒక కౌంటర్ బొమ్మ పడ్డాక, మిగతా మూడూ పడి మళ్ళీ దాని వంతు రావాలి.

పాపారావు గారికి ఒక అలవాటుండేది. ఆర్డరు వచ్చాక వెంటనే సామాను తీసుకెళ్ళేవారు కాదు. ఒక రోజంతా ఊరికే ఆ షాపులో ఓ మూల కూర్చునేవారు. నన్నూ కూర్చోబెట్టేవారు. ఎవరు ఎటు నడుస్తున్నారు, సరుకు ఎక్కడ చేతులు మారుతోంది, యజమాని ఎవరి వైపు అనుమానంగా చూస్తున్నాడు, అన్నీ గమనించేవారు. సాయంత్రం బయటికి వచ్చాక, "రత్నం, వీడికి దొంగ భయమా, పనివాళ్ళంటే గిట్టదా?" అని అడిగేవారు. నేను చెప్పిన జవాబు తప్పయితే తిట్టేవారు కాదు. సోడా తాగుతూ మళ్ళీ అడిగేవారు.

నేను పనిచేసిన చోట్లన్నిటిలోనూ అంత ఓపికగా చూసే మనిషి నాకు మళ్ళీ దొరకలేదు.

కోటయ్య

చలపతి గారిది వన్ టౌన్‌లోనే హోల్‌సేల్ బట్టల షాపు. నాలుగు కెమెరాలు, ఒక వీసీఆర్. బిగించే పని నాకే అప్పగించారు పాపారావు గారు. నేను సొంతంగా చేసిన మొదటి పని అది.

"రోజుకో టేపు చొప్పున పెట్టు," అని చెప్పి పంపారు.

చలపతి గారు మాత్రం, "రోజూ టేపు మార్చడానికి నాకు మనిషెక్కడున్నాడు బాబూ? మూడు రోజులకి ఒకసారి మార్చేట్టు చూడు," అన్నారు. మొదటి పని, యజమాని స్వయంగా కాఫీ తెప్పించి ఇచ్చాడు. సరేనని మూడు రోజులకి తిప్పాను. పాపారావు గారికి చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయం అనిపించలేదు.

కొన్ని నెలలకి షాపులో ఒక పట్టుచీరల కట్ట కనిపించకుండా పోయింది. చలపతి గారు మమ్మల్ని పిలిపించారు. మేం వెళ్ళేసరికి టేపు వేసి చూడటం అయిపోయింది. టీవీ ముందు కోటయ్య నిలబడి ఉన్నాడు. కోటయ్య ఆ షాపులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న సేల్స్‌మన్. మనిషి సన్నగా, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉండేవాడు. నేను కెమెరా బిగిస్తున్నప్పుడు నిచ్చెన కదలకుండా పట్టుకున్నది అతనే.

తెర మీద ఒక బొమ్మలో కోటయ్య చెయ్యి ఆ కట్ట మీద ఉంది. అదే కౌంటర్ బొమ్మ మళ్ళీ పడేసరికి కట్ట లేదు, కోటయ్య ఒక్కడే ఉన్నాడు. మధ్యలో ఇంకో మనిషి వచ్చి, కట్ట అందుకుని పక్కకి తప్పుకునేంత ఖాళీ ఉంది.

పాపారావు గారు వీసీఆర్ దగ్గరకి వెళ్ళి నేను పెట్టిన అంకె చూశారు. నా వైపు ఒక్కసారి చూశారు. అంతే. తరవాత చలపతి గారి వైపు తిరిగి, "అయ్యా, తప్పు మా మిషన్‌ది. ఈ రెండు బొమ్మల మధ్య ఏం జరిగిందో మాకు తెలియదు. మీకూ తెలియదు. దీన్ని పట్టుకుని ఆ మనిషిని ఏమీ అనకండి," అన్నారు.

"కళ్ళకి కనిపిస్తుంటే తెలియదంటారేంటండీ?"

"కనిపించనిదే ఎక్కువ ఉందండీ ఇందులో."

చలపతి గారు వినలేదు. కోటయ్యని ఆ రోజే పంపేశారు. పోలీసు కేసు పెట్టనందుకు తన మంచితనమన్నారు. కోటయ్య చెప్పులేసుకుని, మెట్ల దగ్గర ఒకసారి ఆగి వెళ్ళిపోయాడు.

మూడు వారాల తరవాత మైలవరం నుంచి ఒక చిల్లర వర్తకుడు ఆ కట్ట తీసుకుని వచ్చాడు. వాళ్ళ సరుకు మూటల్లో పొరపాటున కలిసిపోయిందట. ఇంట్లో పెళ్ళి హడావుడిలో మూటలు విప్పడం ఆలస్యమైందట. మూటలు కట్టి పంపింది చలపతి గారి బావమరిది. కోటయ్య అటు తిరిగినప్పుడు ఆ కట్టని కౌంటర్ మీంచి తీసుకెళ్ళింది కూడా ఆయనే.

పాపారావు గారు ఆ కబురు తెలిసిన రోజే షాపు మూసి, నన్ను స్కూటరెక్కమన్నారు. కోటయ్య కోసం చాలా చోట్ల అడిగాం. చివరికి హనుమాన్ జంక్షన్‌లో, లారీలు ఆగే చోట ఒక హోటల్లో దొరికాడు. టేబుళ్ళు తుడుస్తున్నాడు. విషయం చెప్పాం. చలపతి గారు మళ్ళీ పనిలోకి రమ్మంటున్నారని చెప్పాం. గుడ్డ చేతిలో పట్టుకునే విన్నాడు.

"రానండీ," అన్నాడు.

"తప్పు మాది కోటయ్యా. నన్ను తిట్టు," అన్నాను నేను.

"మిమ్మల్ని అనడానికేముంది బాబూ. ఆ రోజు టీవీలో నన్ను నాకు చూపించారు కదా. చూస్తుంటే ఒక్క క్షణం నాకే అనిపించింది, నేనే తీశానేమోనని. ఇన్నేళ్ళు ఆ షాపులో చేసిన మనిషిని, నా మీద నాకే నమ్మకం పోయింది. మళ్ళీ ఆ కౌంటర్ దగ్గర నిలబడలేను."

మాకు టీ తెచ్చి పెట్టాడు. తాగి వచ్చేశాం. తిరుగుదారిలో పాపారావు గారు నన్ను ఏమైనా అంటారని గన్నవరం దాకా ఎదురుచూశాను. ఆయన దారి చూసుకుంటూ స్కూటరు నడిపారు. అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

డిస్కు వచ్చింది

ఆ తరవాత నాకు ఒకటే పట్టుదల. ఒక్క బొమ్మ కూడా పోకూడదు. రెండు బొమ్మల మధ్య ఖాళీ అనేది ఉండకూడదు.

కంప్యూటర్లో కార్డు పెట్టి హార్డ్ డిస్కులోకి రికార్డు చేసే పద్ధతి వచ్చేసరికి నాకు పండగలా అనిపించింది. తరవాత కంప్యూటరు కూడా అక్కర్లేకుండా డీవీఆర్ డబ్బాలే వచ్చాయి. టేపు మార్చే పని లేదు, హెడ్డు తుడిచే పని లేదు. నాలుగు కెమెరాలూ ఒకేసారి, వంతులు లేకుండా పడతాయి. కావాల్సిన గంట నొక్కితే అక్కడికి పోతుంది.

పాపారావు గారు ఒప్పుకోలేదు. "టేపు పాడైతే ఒక రోజు పోతుంది. డిస్కు పాడైతే మొత్తం పోతుంది. మన కరెంటుకీ ఈ దుమ్ముకీ అది ఎన్నాళ్ళుంటుందో చూడాలి. ఇంకో సంగతి. టేపు చెరపాలంటే మనిషి చేత్తో తీసి మళ్ళీ పెట్టాలి. డిస్కు నిండితే ఎవరినీ అడక్కుండా పాతది చెరిపేసుకుంటుంది."

"చెరిపితే ఏమైందండీ? పది రోజులు దాటాక ఎవరడుగుతారు?"

"అడిగేవాడు నీకు చెప్పి వస్తాడా?"

ఇలా నెలల తరబడి వాదించుకున్నాం. కస్టమర్లు డిస్కే అడుగుతున్నారు. ఆయన టేపే పెడతానంటే పక్క షాపుకి పోతున్నారు. ఒకరోజు కోపంలో, "మీ టేపు వల్లే కదండీ కోటయ్య హోటల్లో బల్లలు తుడుస్తున్నాడు," అన్నాను. ఆ తప్పు ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు సొంతంగా పెట్టుకోవచ్చు రత్నం. పని వచ్చింది నీకు," అన్నారు.

నేను గవర్నరుపేటలో షాపు తెరిచాను. ఆయన మాటలు కొన్ని నిజమయ్యాయి. మైలవరంలో ఒక రైసు మిల్లుకి కంప్యూటర్ రికార్డరు పెడితే, ఊక దుమ్ము ఫ్యానులోకి పోయి, వోల్టేజి ఎగిరెగిరి రెండు నెలల్లో డిస్కు పోయింది. మిల్లులో నిలబడి ఆ చచ్చిపోయిన డిస్కుని చేతిలో పట్టుకున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆయనే. ఫోన్ చేసి అడిగితే చెప్పేవారు. చెయ్యలేదు. స్టెబిలైజరు, యూపీఎస్, ఫిల్టరు, మూసిన అల్మరా, ఇవన్నీ నష్టపోయి నేర్చుకున్నాను. మీరు ఎంత మంచి రికార్డరు పెట్టినా, దానికి ఇచ్చే కరెంటు చూడకపోతే ఆ పని చెయ్యనట్టే.

పని బాగానే సాగింది. కానీ మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే ఆ పప్పుల దుమ్ము వాసన గుర్తొచ్చేది. వన్ టౌన్ వైపు పని పడితే ఆ సందు ముందు నుంచి వెళ్ళేవాణ్ణి, మేడ వైపు చూడకుండా. చూస్తే మెట్లెక్కుతానని భయం.

కైకలూరు దగ్గర చేపల షెడ్డు ఒకటి పాపారావు గారి పాత కస్టమర్. ఆ యజమాని నన్ను పిలిచి డీవీఆర్ పెట్టమన్నాడు. నేను వెళ్ళిన రోజునే పాపారావు గారు తన వీసీఆర్ తీసుకెళ్ళడానికి వచ్చారు. టేపులన్నీ తనే తిరిగి తీసుకుంటానన్నారట. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా తన చేతిరాతతో అంకెలు వేసిన టేపులు. ఏ తారీఖుకి ఆ టేపు, మళ్ళీ నెల తిరిగొచ్చాక దాని మీదే రికార్డు. అట్టపెట్టెలో సర్దుకుంటూ, "బాగున్నావా?" అన్నారు. "బాగున్నానండీ," అన్నాను. రెండేళ్ళ తరవాత కలిసి మాట్లాడుకున్నది అంతే. పెట్టె ఆటోలో పెట్టబోతే సాయం వెళ్ళాను. అప్పటికే ఎత్తేశారు.

నాంచారమ్మ

అది జరిగిన ఏడాదికి నా షాపుకి ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. తడి ఆరని చీర అంచు, చేతిలో బస్సు టికెట్టు నలిపి పట్టుకుని ఉంది. పేరు నాంచారమ్మ. ఆమె భర్త వీరాస్వామి ఆ చేపల షెడ్డులో కాటా దగ్గర పనిచేసేవాడు. నెల కిందట చెరువు గట్టు మీద నడుస్తూ గుండె ఆగి పడిపోయాడు.

"పెళ్ళిలో ఫొటో ఒక్కటే ఉందండీ. అది కూడా చెమ్మకి పోయింది. షెడ్డులో కెమెరా ఉంది కదా, అందులో మా ఆయన ఉంటాడని షావుకారు చెప్పాడు. పని చేస్తా నడుస్తాడు కదండీ. ఒక్కసారి చూపించండి బాబూ. ఇంకేం అడగను."

షెడ్డులో నేను పెట్టిన అమరిక నాకు గుర్తుంది. బొమ్మ నాణ్యత అన్నిటికంటే ఎక్కువ, ఒక్క బొమ్మ కూడా వదలకుండా. అలా పెడితే డిస్కు తొందరగా నిండుతుంది. నిండితే పాతది పోతుంది. నాణ్యత కాస్త తగ్గించి ఉంటే రెండు నెలలు ఉండేది. ఆ యజమానికి అంత నాణ్యత అవసరం లేదు. నాకు కావాలి. కోటయ్యకి జరిగింది మళ్ళీ జరగకూడదని నాకు కావాలి.

లేదని అక్కడే చెప్పొచ్చు. చెప్పలేక, ఆమెని తీసుకుని కైకలూరు వెళ్ళాను. కొల్లేటి గాలి, ఐసు పగలగొడుతున్న చప్పుడు, చేపల వాసన. డీవీఆర్ ముందు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి వెనక్కి జరుపుతూ పోయాను. ఇరవై రెండు రోజుల దగ్గర ఆగిపోయింది. అంతకు ముందు ఏమీ లేదు. ఆ ఇరవై రెండు రోజుల్లో కాటా దగ్గర ఎవరో కొత్త మనిషి నిలబడి ఉన్నాడు.

"ఈయన కాదండీ," అంది.

"అవునమ్మా. ఆయనది చెరిగిపోయింది."

"ఎవరు చెరిపేశారండీ?"

మిషన్ అనొచ్చు. "నేనేనమ్మా," అన్నాను.

ఆమె ఏడవలేదు. ఆ కొత్త మనిషినే కాసేపు చూసింది. ఆ కాటా పక్క స్తంభాన్ని చూపించి, "ఇక్కడ ఆనుకుని బీడీ కాల్చేవాడు," అంది. అప్పుడు నాకు ఆ అట్టపెట్టె గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆమెని వెంటబెట్టుకుని వన్ టౌన్ మేడ మెట్లెక్కాను. పాపారావు గారు బల్ల దగ్గరే ఉన్నారు. షాపులో రిపేరుకొచ్చిన సామాను తక్కువగా ఉంది. అల్మరాల మీద దుమ్ము దట్టంగా ఉంది. నన్ను చూసి, నా వెనకున్న ఆమెని చూసి, "రా రత్నం. కూర్చోమ్మా," అన్నారు, నిన్ననే కలిసి వెళ్ళినట్టు.

జరిగింది చెప్పాను. ఎంత నాణ్యత పెట్టానో, ఎన్ని రోజులు ఉందో అన్నీ చెప్పాను. ఆయన తలూపారు. ఆ టేపుల మీద ఆయన ఏమీ రికార్డు చెయ్యలేదు. టేపు అడిగేవాళ్ళే లేరు కాబట్టి అవసరం పడలేదు. పెట్టె అటక మీదే ఉంది.

ఒక్కో టేపూ వేసి చూశాం. తిరిగి తిరిగి అరిగిన టేపులు. కొన్నిటి మీద తెల్ల గీతలు. పాపారావు గారు ట్రాకింగ్ మీట మీద వేలు పెట్టి, బొమ్మ నిలబడేదాకా వెంట్రుకవాసి చొప్పున కదుపుతున్నారు. రోజంతా సాగదీసిన రికార్డింగు కాబట్టి మనుషులు గెంతుతున్నట్టు నడుస్తున్నారు. తొమ్మిదో నంబరు టేపులో, కాటా దగ్గర, లుంగీ ఎగగట్టిన మనిషి వచ్చి నిలబడ్డాడు.

"అడుగో," అంది నాంచారమ్మ.

వీరాస్వామి ట్రే ఎత్తాడు. దించాడు. ఎవరితోనో నవ్వాడు. స్తంభానికి ఆనుకున్నాడు. మధ్యాహ్నం పూటకి వచ్చేసరికి గేటులోంచి ఒక ఆడమనిషి క్యారేజీ పట్టుకుని వచ్చింది.

"అది నేనే," అంది ఆమె ఆశ్చర్యంగా. "ఆ నీలం చీర మా అమ్మ పెట్టింది. ఆ రోజు మేం మాట్లాడుకోలేదండీ. పొద్దున పోట్లాడుకున్నాం. క్యారేజీ బల్ల మీద పెట్టేసి వచ్చేశాను."

తెర మీద కూడా అలాగే జరిగింది. ఆమె క్యారేజీ పెట్టి, ఆయన వైపు చూడకుండా తిరిగి గేటు వైపు నడిచింది. వీరాస్వామి క్యారేజీ తీసుకోలేదు. కాటా వదిలి రెండడుగులు ముందుకి వచ్చాడు. ఆమె గేటు దాటిపోయింది. అతను అక్కడే నిలబడ్డాడు. వెనక ఎవరో పిలిచినట్టున్నారు, చెయ్యి ఊపి ఆగమన్నాడు. గేటు వైపే చూస్తూ ఉన్నాడు. చాలాసేపు. ఆ తరవాత తుండుతో మొహం తుడుచుకుని వెళ్ళి క్యారేజీ విప్పాడు.



"నేను వెనక్కి చూడలేదండీ," అంది నాంచారమ్మ. "చూడలేదు నేను. ఇలా నిలబడ్డాడని నాకు తెలియదు."

మళ్ళీ వెయ్యమంది. వేశాం. మళ్ళీ వెయ్యమంది. మూడోసారి పాపారావు గారు లేచి కిటికీ దగ్గరకి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డారు.

ఆ టేపు ఆమెకిచ్చేశారు. మామూలు వీసీఆర్‌లో అది సరిగ్గా ఆడదు. అందుకని ఆ వీసీఆర్‌ని కూడా తుడిచి, ఒక పాత టీవీతో సహా ఆటోలో బస్టాండుకి పంపించారు. ఆ మిషన్ రకంలో ఆయన దగ్గర మిగిలింది అదొక్కటే. తరవాత నేను ఆ కాస్త భాగాన్ని సీడీకి ఎక్కించి ఇచ్చాను. రెండూ దాచుకుంది.

ఆమె వెళ్ళాక, "డిస్కు అయితే ఇది ఉండేది కాదు," అన్నాను.

"టేపు అయితే కోటయ్య పని పోయింది కదా," అన్నారు ఆయన. "మిషన్‌ని వెనకేసుకుని రాకు రత్నం. నేను అదే చేశాను ఇన్నాళ్ళూ." టేపుల పెట్టె పక్కకి జరిపి, "భోంచేశావా?" అన్నారు.

ఏది పెట్టాలి

ఈ మాట ఒక్కటే కాస్త సూటిగా చెబుతాను. ఎక్కువ బొమ్మలు కావాలంటే తక్కువ రోజులు. ఎక్కువ రోజులు కావాలంటే బొమ్మలో ఏదో ఒకటి వదులుకోవాలి. ఎంత పెద్ద డిస్కు వచ్చినా ఈ బేరం పోదు. కౌంటర్ దగ్గర, చేతులు మారే చోట, ఖాళీ లేకుండా తియ్యండి. గేటు దగ్గర, మెట్ల దగ్గర కాస్త తగ్గించి ఎక్కువ రోజులు ఉంచండి. అన్ని కెమెరాలకీ ఒకే అంకె పెట్టి దిగివచ్చేది బద్ధకం. మీరు ఏం పెట్టారో, ఎన్ని రోజులకి చెరిగిపోతుందో కాగితం మీద రాసి యజమానికివ్వండి. అక్కడ పనిచేసేవాళ్ళకి వినబడేలా చెప్పండి. చెబితే కస్టమర్ పోతాడనుకుంటారు. నాకు ఒక్కడూ పోలేదు.

పనివాళ్ళని పీడించడానికే కెమెరా పెట్టించుకునే యజమానులు ఉంటారు. వాళ్ళ పనికి వెళ్ళకండి. నేను మొహమాటపడి వెళ్ళాను కొన్నిసార్లు. వెళ్ళకుండా ఉండాల్సింది.

మంగళవారాలు

ఆ రోజు నుంచి ప్రతి మంగళవారం మధ్యాహ్నం వన్ టౌన్ వెళ్ళేవాణ్ణి. కొన్ని పనులు కలిసి చేశాం. ఆయన మునుపటిలాగే ముందు ఒక రోజు ఊరికే కూర్చునేవారు. నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. అంత ప్రశాంతంగా పనిచేసిన రోజులు నా జీవితంలో మళ్ళీ లేవు. ఇప్పుడు ఎంత డబ్బిచ్చినా ఆ ఒక్క రోజు దొరకదు, ఏదో ఒక బట్టల షాపులో మూల స్టూలు మీద, ఆయన పక్కన.

తరవాత షుగర్‌తో ఆయన చూపు తగ్గింది. ఆపరేషన్ చేయించారు, నిలబడలేదు. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. షాపు మూసేశారు. నేను మంగళవారాలు వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి.

హనుమాన్ జంక్షన్ అవతల కొత్తగా ఒక కోల్డ్ స్టోరేజీ కట్టారు. పదహారు కెమెరాలు, పెద్ద తెర, నేను చేసిన వాటిలో పెద్ద పని. పూర్తయిన రోజు ఆయన్ని కారులో తీసుకెళ్ళాను. ఇంట్లోవాళ్ళు ఎందుకన్నారు. ఆయన మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో రెడీగా కూర్చున్నారు.

తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. చేత్తో తడిమి తెర అంచు ఎక్కడుందో చూసుకున్నారు.

"ఎన్ని గళ్ళు?"

"నాలుగు వరసలండీ, వరసకి నాలుగు."

"చెప్పు మరి."

మొదటి గడిలో గేటు, వాచ్‌మన్ పేపరు చదువుతున్నాడని చెప్పాను. రెండోదాంట్లో లారీ వెనక్కి వస్తోంది, క్లీనరు చెయ్యి ఊపుతున్నాడు. మూడోదాంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ట్రేలు కడుగుతున్నారు, ఒకామె ఏదో చెబుతుంటే రెండో ఆమె నవ్వుతోంది. ఆయన మొహం తెర వైపే ఉంది. వాచ్‌మన్ ఏ చేత్తో పేపరు పట్టుకున్నాడో అడిగారు. నవ్వుతున్నామె వయసెంతో అడిగారు. వరస వరసా చెప్పుకుంటూ వచ్చాను. పదకొండో గడి వదిలేసి పన్నెండు మొదలుపెట్టబోతే ఆపారు.

"పదకొండులో ఏముంది?"

"ఏమీ లేదండీ. ఖాళీ గది. ఎవరూ లేరు."

"అదీ చెప్పు."

చెప్పాను. కొత్తగా సున్నం వేసిన గోడ, తలుపు సందులోంచి నేల మీద పడిన ఎండ, ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యని కుర్చీ ఒకటి. ఆయన తల కొంచెం ఒంచి విన్నారు. నేను ఆగాక కూడా వింటూనే ఉన్నారు.

"బాగుంది," అన్నారు. "ఆ ఎండ జరుగుతోందా చూడు."

చూశాను. మేమిద్దరం అలాగే కూర్చున్నాం, ఆయన కుర్చీలో, నేను పక్కన స్టూలు మీద. ఆ ఎండ జరిగి గోడ దాకా పోయేవరకూ ఎక్కడిదాకా వచ్చిందో ఆయనకి చెబుతూనే ఉన్నాను.